ఒక లైను ముందు

బాణం మళ్ళీ తప్పు చోట నిలబడింది.

తెర మీద ఉన్నది నేను పరీక్ష కోసం రాసుకున్న చిన్న ప్రోగ్రాం. పసుపు బాణం ఐదో లైను పక్కన ఆగి ఉంది. అంటే నాలుగో లైను వరకు పని జరిగిపోయిందని అర్థం. నాలుగో లైను చేయాల్సిందల్లా ఒక గడిలో ఏడు అనే అంకె వేయడం. కుడివైపున ఆ గడి కనిపిస్తోంది. అందులో ఏడు లేదు. ఇంకా సున్నానే ఉంది.

ప్రోగ్రాం నిజానికి నాలుగో లైను గడపలోనే ఉంది. బాణం మాత్రం ఒక అడుగు ముందుకు పోయి, అక్కడ నిలబడి నా కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

బుధవారం మిట్టమధ్యాహ్నం. తిరుపతి కొర్లగుంటలో మేడ మీద గది. ఫ్యాను తిరుగుతోంది. కింద వీధిలో గుండ్లకు చందనం పూసుకున్న యాత్రికులు నీడ వెతుక్కుంటూ గోడ వారగా నడుస్తున్నారు. అంత వెలుతురులో భయపడడం సిగ్గుగా ఉంటుంది. చీకటిలోనైతే భయానికి ఒక సాకు దొరుకుతుంది.

మేము తయారుచేసే, ప్రోగ్రాములు కొట్టుకునే ఎడిటర్ పేరు పలక. ప్రోగ్రాములు నేర్చుకునే పిల్లలకు పలకంత సులువుగా ఉండాలని మా యజమాని జయచంద్ర పెట్టిన పేరు. 2003 వేసవి సెలవులు అయ్యేలోపు దాన్ని చిత్తూరు జిల్లా కాలేజీల ల్యాబుల్లో పెట్టించాలని అతని ఆశ. అంతకు ముందే దానికి డీబగ్గర్ జతచేయాలి. ప్రోగ్రామును మధ్యలో ఆపి, లైను లైనుగా నడిపించి, తప్పు ఎక్కడ జరుగుతోందో చూసుకోనిచ్చే సాధనం అది. ప్రోగ్రాం ఇప్పుడు ఎన్నో లైను దగ్గర ఉందో డీబగ్గర్ చెబుతుంది. ఆ నంబరు అందుకుని పలక అక్కడ బాణం గీయాలి. నాకప్పగించిన పని అదే.

పలకను మొదట రాసింది కుప్పుస్వామి గారు. గూడూరులో లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాక ఈ గదిలో కూర్చుని రాశారు. బాణం కూడా ఆయన మొదలుపెట్టిందే. ఒంట్లో బాగోలేదని గూడూరు వెళ్ళిపోయాక ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

ఒక అడుగు ముందు నడిచేదాన్ని నేను అంతకు మునుపే ఎరుగుదును.

మద్రాసులో ఉద్యోగం చేస్తున్నప్పుడు మొదలైంది. మంచినీళ్ళు తాగాలని అనుకునే లోపే గ్లాసు చేతిలో ఉండేది. మెట్లు దిగుతుంటే కింది మెట్టు మీద అప్పటికే ఎవరో కాలు మోపినట్టుండేది. ఆ ఎవరో నేనే. ఒక అడుగు ముందున్న నేను. అయితే వెనకబడి నడుస్తున్నది ఎవరు? అది తేల్చుకోలేక ఒకరోజు మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను. లేవలేదు. మా అక్క దేవకమ్మ వచ్చి నన్ను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. నేను లోపల ఉన్నన్నాళ్ళూ ఆమె వార్డు బయట వరండాలో చాప వేసుకుని ఉంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, తలుపు వైపే చూస్తూ. జబ్బు సంగతి చాలా మటుకు మరిచిపోయాను. ఆమె అలా కూర్చున్న తీరు మరిచిపోలేదు.

"మళ్ళా ఏమన్నా అగుపిస్తే దాయొద్దురా. నాకు చెప్పు. పొద్దున్నే బస్సెక్కుదాం" అని మాట తీసుకుంది. డాక్టరు మందులు ఆపి ఏడాది కావస్తోంది.

ఇప్పుడు ఈ బాణం. తప్పు యంత్రంలో ఉంటే నేను సరిచేయాలి. యంత్రంలో లేకపోతే అక్కకు చెప్పాలి. ఈ రెండింటి మధ్య ఇంకో దారి లేదు.

పక్క గదిలో క్యారియర్ విప్పుతున్న జయచంద్రను పిలిచాను. "బాణం ఒక లైను ముందు పోతోంది. ఒకసారి వచ్చి చూడు."

"ఇప్పుడా? రాహుకాలమబ్బా ఇది. కానీ, ఒకటిన్నర దాటనీ."

"చూడడానికి కూడా రాహుకాలమేనా?"

"నువ్వు మద్రాసులో ఉండి వచ్చినోడివి, నీకేం. ఈ కంపెనీ పెట్టినప్పటినించి రాహుకాలంలో నేను కొత్త ఫైలు ఒకటి తెరిసినోణ్ణి కాదు. అందుకే ఇంకా మునగలా."

"తేలింది గూడా లేదు గదన్నా" అంది భానుశ్రీ, పరీక్షలు చేసే అమ్మాయి, తన తెర వెనక నుంచి.

"నీ నోట్లో మన్ను పడ. తిననీ నన్ను" అన్నాడు జయచంద్ర.

అన్నం తిని, చేయి కడుక్కుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాత వచ్చి నా భుజం వెనక నిలబడ్డాడు. "పాతది వద్దు. కొత్తగా తెరిసి, అదే మళ్ళా కొట్టి చూపించు" అన్నాడు.

కొట్టాను. అవే లైన్లు, అవే అక్షరాలు. నడిపించాను. బాణం ఐదో లైను దగ్గర ఆగింది. గడిలో ఏడు ఉంది.

"సరిగ్గానే ఉండాది గదప్పా. యాడ తప్పు?"

ఇందాకటి ఫైలు తెరిచి చూపించవచ్చు. చేయి మౌస్ మీదే ఉంది. తెరవలేదు. అందులో నాకు సున్నా కనిపించి, అతనికి ఏడు కనిపిస్తే? ఆ ఒక్క క్షణంతో అంతా తేలిపోతుంది. తేలిపోవడం కంటే తెలియకపోవడమే నయమనిపించింది.

"ఏదో నా పొరపాటయ్యుంటుంది" అన్నాను.

"ఎండలకి కండ్లు అట్టే చేస్తాయి. మజ్జిగ తాగు" అన్నాడు జయచంద్ర.

తిరుచానూరులో అక్క ఉండేది లాడ్జీల వెనక సందులో. గుడి ముందు పూలమ్మేవాళ్ళకు మాలలు కట్టి ఇస్తుంది. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి గడపలో కూర్చుని, దారం ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని కనకాంబరాలు కడుతోంది. నా ముఖం చూసింది. తర్వాత నా చేతులు చూసింది. వేలూరు నుంచి వచ్చిన తర్వాత ఆమెకు పట్టుబడిన అలవాటది, ముఖం అబద్ధమాడినా చేతులు ఆడవని.

"తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

చెప్పడానికి నాకు గుర్తు రాలేదు. ఆమె పూలు కట్టడం ఆపలేదు. వేళ్ళు మాత్రం కాస్త నెమ్మదించాయి.

తర్వాతి రోజుల్లో ఆ తప్పు ఒక వేళంటూ లేకుండా వచ్చింది. గురువారం అందరి భోజనాలూ అయ్యాక. శుక్రవారం పొద్దున పదకొండుకు. మంగళవారం సాయంత్రం టీ వేళకు. ఒక ఫైల్లో బాణం బుద్ధిగా నిలబడేది. అవే అక్షరాలున్న ఇంకో ఫైల్లో ముందుకు పోయి నిలబడేది. నేను రాసిన భాగమంతా అక్షరం అక్షరం చదివాను. డీబగ్గర్ చెప్పిన నంబరులో తేడా లేదు. నేను గీసిన చోటులో తేడా లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అయినా బాణం అబద్ధం.

ఆ ఫైలును పలకలో కాక మరో ఎడిటర్‌లో తెరిచి చూడవచ్చని నాకు తెలుసు. ఏ ప్రోగ్రామరైనా మొదట చేసే పని అదే. నేను చేయలేదు. టీకి దిగేటప్పుడు మేడ మెట్ల మీద గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టాను. ఒకసారి సగం దిగాక, కింద నా చెప్పులు వాటంతటవే వీధి వైపు తిరిగి ఉన్నట్టు కనిపించింది. నేనే అలా విడిచి ఉంటాను. అందరూ అలాగే విడుస్తారు. ఆ మాట నాలుగైదుసార్లు చెప్పుకున్నాక గానీ కాలు కదల్లేదు.

మర్నాడు, బుధవారం, భానుశ్రీ తన కుర్చీలోంచే కేకేసింది.

"ఏందన్నా, నువ్వు రాహుకాలం లేదంటావు, దేవుడు లేడంటావు. ఫైలు పైన మాత్రం చక్కగా శ్రీకారం చుట్టినావే!"

"ఏ శ్రీకారం?"

"ఇదో. పలక నా మిషన్లో మొండికేస్తాంటే నీ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిసినా. మొదటి లైను చూడు. శ్రీ అని."

లేచి వెళ్ళాను. ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని ఉంది, ప్రోగ్రామును ఏమీ చేయని వ్యాఖ్యలాగా. దాని కింద నేను రాసిన లైన్లు.

నేను దాన్ని రాయలేదు.

మొదట నాకు తట్టింది యంత్రం కాదు, నా చేయి. నేను మొదలుపెట్టే లోపే నా చేయి మొదలుపెట్టి ఉంటుంది. గ్లాసు అందుకున్నట్టే.

"నీకు కనిపిస్తోందా అది?"

"కనపడకేం? నాకేమన్నా శుక్లాలా?"

"వేలు పెట్టి చూపించు."

నా గొంతులో ఏం వినిపించిందో, ఆమె నవ్వు ఆపింది. తెర మీద వేలు పెట్టింది. ఆ గీత మీదే, సరిగ్గా. వేలు తీసేశాక గాజు మీద చిన్న మరక మిగిలింది. ఆ మరకను నేను చాలాసేపు చూశాను.

తర్వాత జరగాల్సిందంతా చకచకా జరిగింది. అదే ఫైలును పలకలో తెరిచాను. శ్రీ లేదు. నోట్‌ప్యాడ్‌లో ఉంది. పలక దాన్ని ఫైల్లో రాస్తోంది, తెర మీద దాస్తోంది. డీబగ్గర్ లెక్కలో శ్రీ మొదటి లైను. పలక చూపే లెక్కలో అది అసలు లేనే లేదు. అందుకే డీబగ్గర్ ఐదు అన్నప్పుడల్లా పలక తన ఐదోదాని పక్కన బాణం గీస్తోంది, నిజమైనది నాలుగోదైనా. నా ఫైళ్ళన్నీ తెరిచి చూశాను. శ్రీ ఉన్నవాటిలోనే బాణం తప్పింది.

జయచంద్ర వచ్చి, ఏ ఫైలు ఏ వారం ఎన్ని గంటలకు మొదలుపెట్టానో చూశాడు. గోడ మీది క్యాలెండరు చూశాడు. మళ్ళీ తెర చూశాడు. గొంతు తగ్గించి, "మోహనా, ఇవన్నీ రాహుకాలంలో మొదలుపెట్టినవబ్బా" అన్నాడు.

కుప్పుస్వామి గారు రాసిన పాత భాగంలో, నాకెప్పుడూ తాకాల్సిన అవసరం రాని చోట, అది దొరికింది. కొత్త ఫైలు తెరవగానే వారం చూడాలి, గడియారం చూడాలి, రాహుకాలమైతే పైన శ్రీ రాయాలి, రాసిన సంగతి ఎవరికీ చూపించకూడదు. జయచంద్ర రాహుకాలంలో ఫైలు తెరవడు గనుక అతని కళ్ళకు ఈ తప్పు జన్మలో పడేది కాదు.

"పెద్దాయన మనసు సూడు! అందరికీ పరిహారం పెట్టిపెట్నాడు" అన్నాడు జయచంద్ర.

"తీసేస్తున్నాను."

"తీసెయ్, తప్పదు." మళ్ళీ క్యాలెండరు వైపు చూశాడు. "ఒకటిన్నర కానిచ్చి తీసెయ్."

తీసేశాను. మూడు రోజులు ఏ వేళలో తెరిచినా బాణం సరిగ్గా నిలబడింది. తప్పు యంత్రంలోనే ఉంది. నేను బాగున్నాను. ఆ మాట అనుకుంటే సంతోషం రావాలి. రాలేదు. ఒక ప్రశ్న అడ్డం పడింది. దేవుడి పేరు రాసేవాడు నలుగురికీ కనపడేట్టు రాస్తాడు. ఆయన ఎందుకు దాచాడు?

కొత్త పలక సీడీ కుప్పుస్వామి గారికి పంపడం జయచంద్రకు అలవాటు. నేనే తీసుకెళ్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం రైల్లో గూడూరు వెళ్ళాను. ఆయన ఇల్లు నిమ్మకాయల మండీ వెనక. సెలవు గనుక మండీ ఖాళీగా ఉంది. వాసన మాత్రం అంతటా ఉంది, పండి మెత్తబడిన నిమ్మకాయల పుల్లటి వాసన. ఆయన భార్య భారతమ్మ గారు తలుపు తీసింది.

"తిరపతి నించా నాయనా? రా. ఆయన దాని ముందరే కూర్చోనుండాడు. దినామూ అంతే. ఏందో రాస్తాడు, నడిపిస్తాడు, చెరిపేస్తాడు. దాంతోనే నిమ్మళంగా ఉండాడులే, ఉండనీ."

కిటికీలోంచి వాలిన ఎండ ఆయన వీపు మీద పడుతోంది. సన్నటి మనిషి. తిరిగి చూడకుండానే, "జయచంద్ర పంపినాడా?" అన్నారు.

సీడీ ఇచ్చాను. కొత్త పలక ఎక్కించాను. ఆయన గడియారం చూశారు. అయిదు కావస్తోంది.

"ఆదివారం. ఇప్పుడు రాహుకాలమే. కొత్త ఫైలు తెరువు."

"ఇప్పుడెందుకండీ, కాసేపాగి..." అంది భారతమ్మ గారు.

"ఇప్పుడే తెలుస్తాది" అన్నారాయన. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు లైన్లు రాశాను. నడిపించాను. బాణం మూడో లైను పక్కన ఆగింది. గడిలో అంకె సరిగ్గా ఉంది. ఆయన తెర దగ్గరికి వంగారు.

"తీసేసినావు గదా" అన్నారు.

ఆ సంగతి నేనింకా చెప్పలేదు.

"లైను నంబర్లు తప్పుతున్నాయి సార్. బాణం ముందుకు పోతోంది."

"ముందుకు పోతాందా, నీకు?" ఆయన నా వైపు తిరిగారు. చిరాకు లేదు. ఏదో వాకబు చేస్తున్నట్టు ఉంది గొంతు. "నాకు ఎనకబడేది అబ్బా. రాహుకాలంలో మొదలుపెట్టిన దాంట్లో మాత్రమే. ఒక లైను ఎనక నిలబడేది. ఎన్ని దినాలు ఎతికినానో. తప్పు యాడా లేదు. మా ఇంటామెను పిలిసి చూపించినా. సరిగ్గానే ఉండాది గదండీ అనె."

నేను మౌస్ వదిలేశాను.

"అప్పుడు పైన ఒక లైను దాసిపెట్టినా. బాణం ఒక లైను ముందుకు జరిగె. నాకు సరిపాయె. అప్పటినించి నిద్ర పట్టె." ఆగి, "నా కండ్లకు సరిపెట్టుకున్నా. మీ కండ్ల సంగతి నేను తలుసుకోలా" అన్నారు.

తన మనసులో పడిన ఎడాన్ని ఆయన ప్రోగ్రాంలోకి మార్చి పెట్టుకున్నారు. ఆయనకు సరిగ్గా కనిపించిన బాణం నాకు తప్పుగా కనిపించింది. అంటే నా చూపు చెడలేదనడానికి ఇంతకంటే రుజువు లేదు. ఆ మాట లోపల పూర్తి చేసుకునే లోపే ఆయన అడిగారు:

"నీకు ఎప్పుడు వచ్చింది?"

"ఏది సార్?"

"బాణం తప్పితే ఎవడైనా మిషన్ను తిడతాడు. పక్కనోణ్ణి పిలిసి చూపిస్తాడు. నువ్వు ఇంత దూరం వచ్చినావు. నిన్ను నువ్వు అనుమానించినావంటే, ముందే ఒకసారి చూసుంటావు దాన్ని."

ఆయన తెర వైపు తిరిగారు.

"ఇప్పుడు బాణం యాడుంది? వేలు పెట్టు."

మూడో లైను పక్కన వేలు పెట్టాను. ఆయన తన వేలు పెట్టారు. రెండో లైను పక్కన. ఒకే గాజు మీద రెండు వేళ్ళు, మధ్యలో ఒక్క లైను ఎడం. ఆయన వేలు వణకడం లేదు.

"ఈడ అబ్బా" అన్నారాయన, పొరపాటు పడిన పిల్లవాడికి దిద్దబెట్టినట్టు మెల్లగా. నా వేలు పట్టుకుని ఒక లైను పైకి జరిపారు. "ఈడ."

ఆ వేలి వెంట బాణం కూడా వచ్చింది.

ఒక్క రెప్పపాటు. మూసి తెరిచేసరికి మళ్ళీ మూడో లైను పక్కనే ఉంది. ఎండ గాజు మీద మెరిసి ఉంటుంది. ఆయన చేయి నీడ పడి ఉంటుంది. నేను వేలు వెనక్కి తీసుకున్నాను. ఆయన అడగకుండానే కొత్త పలకను తీసేసి, పాతదాన్నే మళ్ళీ ఎక్కించాను. అందులో కొత్త ఫైలు తెరిచి, అవే లైన్లు కొట్టి నడిపించాను. బాణం నాకు తప్పు చోట ఆగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"ఆ. ఇప్పుడు సరిపాయె" అన్నారు.

వచ్చేటప్పుడు భారతమ్మ గారు నిమ్మకాయలు సంచిలో వేసి ఇచ్చింది. గేటు దాకా వచ్చి, "నీకు గూడా ఆయన చెప్పిన చోటే అగుపించిందా నాయనా?" అని అడిగింది. లేదన్నాను. "అంతేలే" అంది. ఆమె ముఖంలో నిరాశలాంటిది కనిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కరైనా అవునంటారని చూస్తోందేమో.

తిరుచానూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అక్క గడపలోనే ఉంది, ముందు పూలగంప. నిమ్మకాయల సంచి పక్కన పెట్టి కూర్చున్నాను.

"అయిపోయిందా నీ పని?"

"అయిపోయింది. తప్పు మిషన్లోనే ఉండింది."

ఆమె చేతులు ఆగాయి. "మిషన్లో గాక ఇంక యాడుంటాదనుకున్నావురా?"

లాడ్జీ వైపు నుంచి ఎవరో పిల్లలు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. ఇన్ని రోజులూ ఆమె దగ్గర దాచింది ఒక్క మాటలో బయటపడింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

"అక్కా, వేలూరు పోయొద్దాం."

"ఏం అగుపించింది?" ఆమె నా ముఖం చూడలేదు. చేతులే చూసింది.

"ఇప్పుడేం లేదు. బాగానే ఉన్నాను." గాజు మీద మెరిసిన ఎండ సంగతి నోటి దాకా వచ్చింది. "ఒక్కసారి, రెప్పపాటు. అది నిజమో కాదో కూడా తెలియదు. బాగా ఉన్నప్పుడే పోయి అడిగొద్దాం. ఈసారి నువ్వు వరండాలో పడుకోవాల్సిన పని లేకుండా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముక్కు చీది, కొంగుతో చేయి తుడుచుకుని, "పొద్దున్నే బస్సుంది. ఈ మాల అయ్యేసరికి అన్నం కూడా అవుతాది" అంది. బొటనవేలి నుంచి దారం కొస విప్పింది. అంతసేపు కూర్చున్నందుకు కాలు తిమ్మిరెక్కినట్టుంది.

"ఈడ పట్టుకోరా" అంటూ కొస నా వైపు చాచింది.

పట్టుకున్నాను. ఆమె అన్న తర్వాతే పట్టుకున్నాననుకుంటాను.